వంజిరుకి బ్యాంకు ఖాతా

చెల్లి పుణ్యవతికి అక్క దీవెనలు. నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

మాదాపూరులో నేను వంటచేసే హాస్టల్లో, కెన్యా దేశం నుంచి ఇక్కడ కంపెనీలో ఉద్యోగానికొచ్చిన వంజిరు అనే పిల్ల దిగింది. బ్యాంకు ఖాతా లేనిదే జీతం వెయ్యరట. నిన్న తోడు వెళ్ళాను. కాగితాలన్నీ చూసి, "ఈ పిల్లకు మీరేమైతరమ్మా?" అన్నాడు గుమాస్తా. "అమ్మని" అనేశాను. అతను నమ్మనట్టు చూశాడు. అంతలో ఆ పిల్ల, తనకొచ్చిన ఒక్క తెలుగు ముక్కా "అమ్మా, కారం వద్దు!" అంది. బ్యాంకంతా ఒకటే నవ్వు. "ఇగ ఫికర్ లేదు" అని ఖాతా తెరిచాడు.

నా ఉమాశ్రీ పోయాక నన్ను అమ్మా అన్నది ఈ పిల్లే.

నీ మోకాలినొప్పి తగ్గిందా? ఉమాశ్రీ చుడీదార్లు ఎవరికీ ఇవ్వొద్దన్నాను కదా, ఇప్పుడు పంపించు. ఈ పిల్ల పొడగరి, అంచులు విప్పించి మరీ పంపు. మరిదిగారికి నమస్కారం, పిల్లలకు ముద్దులు.