మూడు చుక్కలు

మెదక్,
మంగళవారం

దోస్తు ఎల్లంకు,

నీ జాఫర్ సలాములు. రేగోడులో మీ బామ్మర్ది చేన్లలో గొర్లకు మేత దొరుకుతోందని విన్నాను. ఫోన్ చేద్దామని నాలుగుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. ఈ మాట నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మీ ఊరి గ్రామసభలో నేను పాత ఉర్దూ పహాణీ, అదే ఊరి భూముల లెక్క రాసిన కాగితం, చదివాను, గుర్తుందా? మీ ఊరికీ మా పట్నానికీ నడుమ ఉన్న ముప్పై ఎనిమిది ఎకరాల గడ్డిభూమి ఎలాంటిదో తేల్చాలన్నారు. నేను కాగితం ఎత్తి పట్టుకుని 'బంజరు' అని చదివాను. అంటే ఎవరికీ పనికిరాని భూమి. ప్లాట్లు వేయడానికి వచ్చిన అమరేందర్ "జాఫర్ సాబే చదివిండు, ఇంకేం గావాలె!" అని చప్పట్లు కొట్టాడు.

అది బంజరు కాదు ఎల్లం. బంచరాయి. ఊరి పశువుల మేతకు విడిచిపెట్టిన భూమి, అమ్మడానికి లేదు. ఉర్దూలో 'జ'కు ఒక చుక్క, 'చ'కు మూడు చుక్కలు. ఆ మాట చివరి అక్షరాలను చెదలు తినేశాయి. మిగిలిన మూడు చుక్కలు నాకు ఒక్కటిగా కనబడ్డాయి. కంట్లో పొర వచ్చి అప్పటికే ఏడాది. భూతద్దం అడిగితే జాఫర్‌కు చూపు పోయిందంటారని నామోషీ. మెదక్‌లో పాత కాగితం చదవాలంటే నేనే అని నాకెంత పొగరో నీకు తెలుసు. థూ, నా పొగరు పాడుగాను! మొన్న ఆపరేషన్ అయ్యాక జిరాక్సు తీసి చూశాను. మూడు చుక్కలూ ఉన్నాయి.

సగం భూమిలో హద్దురాళ్లు పాతారు, ఇంతవరకు ఒక్క ఇల్లూ లేవలేదు. మా పట్నంలో పాత బజారు వెనక ఎన్ని జాగాలు ఖాళీగా పడి ఉన్నాయి! నల్లాలు, మోరీలు, కరెంటు అన్నీ ఉన్నాయి. అక్కడ కట్టుకుంటే ఎవరు వద్దన్నారు? గడ్డి గీకి రోడ్లు వేశాక వాన నీళ్లు భూమిలోకి దిగడం లేదు. మా గల్లీలో మోకాలి లోతు నిలుస్తున్నాయి, మీ ఊరి బోర్లేమో మాఘంలోనే ఎండుతున్నాయి. మాకు పాలు పోసే వజ్రమ్మ బర్రెలు అమ్ముకుంది. "గడ్డి ఏడుంది సాబ్? బర్లకు గా రాళ్లు పెట్టాల్నా?" అంది. నువ్వైతే ఊరే విడిచి పోయావు.

మిగతా సగం మీద వచ్చే సోమవారం తహసీల్ ఆఫీసులో విచారణ ఉంది. తప్పు చదివానని రాసిస్తాను. ఆ తర్వాత నా దగ్గరికి ఎవరూ కాగితం తేరు, పోనీ. కానీ నీకు చెప్పకుండా ఆఫీసు మెట్లు ఎక్కలేను. క్షమించమని అడగడానికి మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ
జాఫర్

రేగోడు,
శుక్రవారం

జాఫర్ భాయ్‌కి,

నీ ఉత్తరం మంద దగ్గరే రెండుసార్లు చదివాను. నువ్వు నన్ను క్షమాపణ అడగడమేంది భాయ్!

నువ్వు బంజరు అని చదివిన రోజు నేను ముందు వరసలోనే కూర్చున్నాను. మా నాయన ఆ భూమిని బంచరాయి అనే పిలిచేవాడు. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు, తెలిసిన వాళ్లలో నేనొక్కడినే మిగిలాను. లేచి "గట్ల గాదు భాయ్, గది బంచరాయి" అంటే అయిపోయేది. లేవబోయాను కూడా. కానీ ముందురోజే అమరేందర్ మా ఇంటికి వచ్చి, "మీ అభిలాష్‌కు కార్నర్ ప్లాటు ఇప్పిస్త కాకా, నువ్వు జర ఊకె కూసో" అన్నాడు. కొడుక్కి ఒక జాగా ఉంటుంది కదా అని ఊకే కూర్చున్నాను.

చదివింది జాఫర్, పాపం జాఫర్‌దే అనుకుంటూ రెండేళ్లు అన్నం తిన్నాను. ప్లాటు అభిలాష్ పేరు మీదే ఉంది. దాని పక్కనుంచి మంద తోలుకుపోవడానికి కాళ్లు రాక రేగోడు వచ్చాను. అందరికీ మేత కోసమని చెప్పాను.

నీకు కనబడలేదు భాయ్. నేను తెలిసీ నోరు మూసుకున్నాను. పోయిన సగం ఎట్లాగూ తిరిగి రాదు. మిగిలిన సగమైనా దక్కాలంటే బంచరాయి అన్న మాట పెద్దల నోట విన్నవాడు ఒకడు చెప్పాలి. నిన్న అభిలాష్‌కు అంతా చెప్పేశాను. వాడు నాతో మాట్లాడటం మానేశాడు.

సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. తప్పంతా నీ కంటిదేనని రాయకు. నీ సంతకం కింద నాకు చోటు విడిచిపెట్టు.

నీ
ఎల్లం