సైరన్ మోగేదాకా

బోధన్, డిసెంబరు 31, 1963. రాత్రి.

పెళ్లయి వచ్చిన ఈ ఏడాదంతా చక్కెర ఫ్యాక్టరీ సైరన్‌ని బట్టే తిన్నాను. ఆయన షిఫ్టు దిగి ఇంటికొచ్చి తినందే నేను కంచం ముందు కూర్చోకూడదని అమ్మ నేర్పిన పద్ధతి. చెరకు ఆడే రోజుల్లో సాయంత్రం నాలుగు కూడా అయ్యేది.

ఈ రోజు నల్లా దగ్గర బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి పడ్డాను. అత్త లేపి అన్నం పెట్టింది.

"నా కొడుకు డ్యూటీకి సైరన్ ఉన్నది. నీ ఆకలికి ఎవలు మోగియ్యాలె బిడ్డా? కూసో, తిను."

ఆయన వచ్చాక, తప్పు చేసినదానిలా చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు.

"మంచిగ జేసినవ్. నేను రోజు క్యాంటీన్ల తినే వస్తున్న. నువ్వు తినకుండ కూసుంటవని ఇంట్ల మల్ల తింటున్న."

కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏడాదంతా నేను మాడాను, ఆయనకేమో పొట్ట పెరిగింది!

రేపటినుంచి పన్నెండింటికల్లా వేడన్నం తింటాను. కాసేపు నడుం వాలుస్తాను. తలనొప్పి వస్తే దాచుకోను. అమ్మకు తెలిస్తే ఏమంటుందో...

సెలవు రోజు మాత్రం ఇద్దరం కలిసే తినాలని ఒప్పందం. మిగతా ఆరు రోజులూ నా కడుపుకు నేనే సైరన్.