గ్రహాంతరవాసులకు పద్నాలుగు రోజుల సెలవు

1వ తేదీ, సాయంత్రం 5.20
కంటి డాక్టరు మళ్ళీ తిప్పి పంపించేశాడు. మావయ్యగారి బీపీ 172/100. ఇంత బీపీతో శుక్లాల ఆపరేషన్ చెయ్యడట. ఇది రెండోసారి. పదిహేనో తేదీకి రమ్మన్నాడు. అప్పటికీ తగ్గకపోతే ఇంకో నాలుగు నెలలు ఆగాలి. ఈలోగా ఆ ఉన్న మసక చూపు కూడా పోయేలా ఉంది.

నేరం నాదేనని మా ఆయన తీర్పు. బస్సు డిపోలో ఏ బస్సు ఎంత లేటో రాయడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే పని. నిన్న నేనూ మావయ్యగారూ ఓ గ్రహాంతర సినిమా చూశాం, నిజమే. మావయ్యగారు రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. తెర మీద ఏముందో నేను చెప్తుంటాను, ఆయన తప్పులు పట్టి అరుస్తుంటారు. "శూన్యంలో చప్పుడెలా వస్తుంది? బుద్ధుందా వీళ్ళకి?"

శపథం: పద్నాలుగు రోజులు చెత్త సైన్సు సినిమాలు బంద్. ఒట్టు!

2వ తేదీ, ఉదయం 7.00
158/94. చూశారా! ఒక్క రోజుకే!!
మా ఆయన ఇచ్చిన కార్యక్రమం:
1. నదుల డాక్యుమెంటరీ
2. పక్షుల డాక్యుమెంటరీ
3. నదుల మీద ఎగిరే పక్షుల డాక్యుమెంటరీ

3వ తేదీ
జీవితం ఎంత ప్రశాంతంగా ఉందో! మా ముందుగదే నా కుట్టు కొట్టు. పొద్దుటే నాలుగు యూనిఫాంలు కుట్టి పారేశాను. ఇన్నాళ్ళూ ఎంత టైము తగలేశానో.

5వ తేదీ
160/96. పెరిగిందేమిటి? నేనైతే ఒక్క సినిమా చూళ్ళేదు. ట్రైలర్ సినిమా కిందకి రాదు. రెండే నిమిషాలు.

అబ్బ, ఏం ట్రైలరండీ! అంతరిక్ష నౌకలో కంట్రోల్ రూమంతా వెండిరంగు పూసిన కోడిగుడ్ల అట్టలు. మహారాణి గౌను కర్టెన్ గుడ్డ. పైన రాడ్డు దూర్చే చిల్లులు కూడా అలాగే ఉంచేశారు! ముద్దొచ్చేశారు. కోట్లు పోసి తీసినవాళ్ళు మన గుమ్మం కర్టెన్ కట్టుకుని మనింటికి వస్తారా?

7వ తేదీ, ఉదయం 11.40
ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే తప్పు లేదు. శపథం మావయ్యగారి బీపీ కోసం. నా బీపీ బంగారంలా ఉంది.
రాక్షసుడి వీపున జిప్పు! మెడ నుంచి నడుము దాకా! కుట్టినవాడెవడో గానీ చెయ్యి తిరిగినవాడు.

సాయంత్రం 4.00
ఘోరం. బ్యాంకు మేనేజరుగారి ప్యాంటుకి జిప్పు వెనకవైపు కుట్టేశాను. పాపం, వేసుకుని మరీ చూసుకున్నాడు. "ఏమ్మా, ఇదేమన్నా కొత్త ఫ్యాషనా?" అన్నాడు. తల తీసేసినట్టయింది.
మూల కుర్చీలో మావయ్యగారు నవ్వలేదు. మామూలుగా అయితే వారం రోజులు ఏడిపించేవారు.

9వ తేదీ
166/98. మావయ్యగారు నదులు చూస్తున్నారు. అంటే టీవీ వైపు తిరిగి కూర్చున్నారు. ఒక్క నదినీ తిట్టలేదు. నాకు భయంగా ఉంది.

10వ తేదీ, మధ్యాహ్నం
"అమ్మాయ్, ఆ చెవుల్లోవి తీసి సౌండు బయటికి పెట్టు. జాకెట్టు కుడుతూ తనలో తనే నవ్వుకునేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు."
దొరికిపోయాను.
"మీ బీపీ కోసమే కదా, మావయ్యగారూ..."
"సినిమాకి రాలేదే బీపీ. కంట్లో కత్తి పెడతారని తలుచుకుంటే వస్తోంది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి కన్ను బొమ్మ గీసి పాఠం చెప్పినవాణ్ణి. ఇప్పుడు భయమేస్తోందని నీ మొగుడితో ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఏడుపొచ్చేసింది. ఇంట్లో ఉంటూ ఈ మాట నేనెందుకు అడగలేదు?
ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. వరసగా రెండు సినిమాలు. మావయ్యగారు పట్టిన తప్పులు ముప్ఫై ఒకటి.

సాయంత్రం 5.30
144/86! బీపీ మిషన్ పాడైందేమోనని నాకు పెట్టి చూశాను. నాది 150.
మా ఆయనకి మాత్రం నదులు చూశామనే చెప్పాం.

15వ తేదీ, ఆస్పత్రి, ఉదయం 9.15
164/96. నర్సు తల అడ్డంగా ఊపింది. అరగంట తర్వాత చివరిసారి చూస్తానంది. మావయ్యగారి చేతులు చల్లగా ఉన్నాయి.
"నదులు పెట్టు, నదులు!" అంటాడు మా ఆయన.
మా ఆయన చూస్తుండగానే ఫోన్లో రాక్షసుణ్ణి పెట్టాను. సౌండు తీసేసి నేనే అందుకున్నాను. "మావయ్యగారూ, నౌకలో పెట్రోలు అయిపోయింది. అందరూ దిగి వెనక నుంచి తోస్తున్నారు."
"దిగా? అంతరిక్షంలోనా? కాళ్ళు దేనికి ఆనించి తోస్తార్రా, వెధవల్లారా!"
హాలంతా ఇటు తిరిగింది. కంటికి కట్టున్న పెద్దావిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "తర్వాతేమైందమ్మా?" అంది.

9.50
138/84. లోపలికి తీసుకెళ్ళారు.
మా ఆయన నా పక్క కుర్చీలోకి జరిగాడు. తర్వాత మెల్లిగా, "ఇంతకీ తోస్తే కదిలిందా?" అన్నాడు.

16వ తేదీ, ఉదయం
కట్టు విప్పారు. మావయ్యగారు గోడ మీద బోర్డులన్నీ గడగడా చదివేశారు. నన్ను చూసి, "జుట్టు ఎప్పుడు నెరిసిందే, అమ్మాయ్?" అన్నారు. ఇందుకేనా ఇంత కష్టపడింది!
రెండో కంటికి వచ్చే నెల రమ్మన్నారు. అందాకా చెత్త సినిమాలు బంద్. ఈసారి నిజంగా.

సాయంత్రం 4.30
"ఒక్కసారి కళ్ళారా చూస్తాను, పెట్టవే" అన్నారు. పెద్దాయన అడిగాక కాదంటామా?
రెండు నిమిషాలు చూశారు.
"ఇదా?"
"ఇదే."
"ఇంత దరిద్రంగా ఉంటుందా? అన్నీ అట్టపెట్టెలే! నువ్వు చెప్తుంటే ఎంత బాగుండేదీ!"
చూపొచ్చిన కన్ను మూసేసుకుని, కుర్చీలో వెనక్కి వాలారు.
"ఊఁ, ఇప్పుడు చెప్పు. ఏమవుతోంది?"
చెప్తున్నాను. శపథం రేపటి నుంచి. ఒట్టు!