షెకీనా ఎడమకాలు

శంషాబాద్,
సోమవారం

గౌరవనీయులైన యేసుమణి గారికి,

సునీల టీచర్ నమస్కారాలు. ఫోన్ చేస్తే మీరు హలో అనడం, మీ ఇంటి మీదుగా విమానం పోవడం, ఆ తర్వాత ఏమీ వినపడకపోవడం జరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం మీ మనవరాలు షెకీనా టిఫిన్ బ్యాగులో పెడుతున్నాను.

మా బడి ప్రథమ చికిత్స దళంలో షెకీనా అందరికన్నా చురుకైనది. కట్టు కడితే విప్పబుద్ధి కాదు. కానీ ఇవాళ నేను మందుల గదిలోకి వెళ్ళేసరికి, ఖోఖోలో నడుం పట్టేసిన ఒక పిల్లను గోడవైపు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి కాలితో తన్నుతోంది. బయట ఇంకొందరు వరసలో ఉన్నారు. ఇలాగైతే శనివారం కందుకూరులో జరిగే పోటీకి ఆమెను తీసుకెళ్ళలేను. బ్యాడ్జీ కూడా వెనక్కి తీసుకోవలసి వస్తుంది. దయచేసి మందలించండి.

ఇట్లు,
సునీల, సైన్సు టీచర్

తా.క. వరసలో చివర మా పీఈటీ సారు కూడా ఉన్నారు. ఆయనను నేనే మందలించాను.

మంగళవారం

సునీల టీచరమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. మీ ఉత్తరం చదివి నాకు తల తీసేసినట్టయింది. వెంటనే షెకీనాను కూర్చోబెట్టి గట్టిగా మందలించాను. "బూట్లేసుకొని తంతరా ఎవరన్న? బూట్లు ఇడిచి, ఎడమకాలితోని, జర మెల్లగ తాకియ్యాలె" అన్నాను. ఇక ఆ తప్పు చేయదు.

ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి తాకిస్తే పట్టిన నడుం వదులుతుందని మీకు తెలిసే ఉంటుంది. షెకీనా, కాలేబు కవలలు. అందులో షెకీనా ఎదురుకాళ్ళ పిల్ల. ఎయిర్‌పోర్టు క్యాబులవాళ్ళకు పొద్దంతా కూర్చుని నడుములు పడతాయి కదా, ఆదివారం ప్రార్థన అయ్యాక మా వాకిట్లో కార్లకు చోటుండదు. వచ్చినవాళ్ళంతా కాసేపు మా అరుగు మీద నడుం వాల్చి, తన్నించుకుని, నవ్వుతూ పోతారు.

బ్యాడ్జీ మాత్రం తీయకండమ్మా. పిల్ల దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. నా మోకాలికి, మేకపిల్లకు, పాపం కాలేబు కాళ్ళకు కట్లు కట్టి కట్టి నేర్చుకుంది.

ఇట్లు,
యేసుమణి

తా.క. మీ పీఈటీ సారును పరగడుపున రమ్మనండి. తిన్నాక తన్నితే గుణం ఉండదు.

బుధవారం

యేసుమణి గారికి,

నమస్కారం. స్పష్టంగా రాయకపోవడం నా పొరపాటే. గొడవ బూట్ల గురించి కాదండీ, తన్నడం గురించే. నడుం పట్టేస్తే విశ్రాంతి ఇవ్వాలి. కాలు బెణికితే రుద్దకుండా, కదపకుండా గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. ముక్కు నుంచి రక్తం కారితే తల ముందుకు వంచి ముక్కు నొక్కి పట్టాలి. కాలిన చేతిని కుళాయి కింద చాలాసేపు ఉంచాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చేతిలో ఏమీ పెట్టకూడదు. మా గదిలో టూత్‌పేస్టు లేదు, పసుపు లేదు, ఉల్లిగడ్డ లేదు, ఇనప తాళంచెవులు లేవు. దయచేసి గమనించగలరు.

ఇట్లు,
సునీల

తా.క. ఇవాళ బడి గేటు దగ్గర క్యాబులు ఆగాయి. దిగిన ప్రతి డ్రైవరూ నడుం మీద చెయ్యి వేసుకునే దిగాడు.

గురువారం

టీచరమ్మకు,

వందనాలు. మీ ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది. అంత పెద్ద బడి, అన్ని పసుపుపచ్చ బస్సులు, మందుల గదిలో చిటికెడు పసుపు లేదా? అడగడానికి మొహమాటపడి "గమనించగలరు" అని రాశారని నాకు అర్థమైంది. వెంటనే వాడంతా తిరిగాను. పక్కింటి కనీజ్ ఉల్లిగడ్డలు ఇచ్చింది. పాస్టరమ్మ పసుపు ఇచ్చింది. మా ఇంట్లో ఉన్న పేస్టంతా నేను వేశాను. పెద్ద అట్టపెట్టె నింపి, మా దగ్గరికి నడుం కోసం వచ్చే డ్రైవరు జహంగీర్ క్యాబు డిక్కీలో పంపిస్తున్నాను. పిల్లలను బాగా చూసుకోండి.

ఇట్లు,
యేసుమణి

తా.క. పెట్టెలో వేసిన గుత్తిలో మా ఇంటి తాళంచెవి కూడా పోయింది. ఇది కనీజ్ గడపలో కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం షెకీనాతో పంపండి.

గురువారం సాయంత్రం

యేసుమణి గారికి,

నమస్కారం. తాళాల గుత్తి పంపుతున్నాను. ఉల్లిగడ్డలను మా హెడ్‌మాస్టరు గారు దానమనుకుని వంటగదికి ఇచ్చేశారు. ఇవాళ సాంబారు బాగుంది. కానీ గేటు దగ్గర డ్రైవర్లు పెరిగారు, ఇక నా చేతుల్లో లేదు. షెకీనా పోటీకి రావడం లేదు. బ్యాడ్జీ అడిగితే తీసి ఇచ్చి, బెంచీ మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాకు చాలా బాధగా ఉంది.

ఇట్లు,
సునీల

తా.క. మీ పెట్టె ఎత్తబోతే నా నడుం పట్టేసింది. ఈ ఉత్తరం నిలబడి రాశాను.

శుక్రవారం

టీచరమ్మకు,

వందనాలు. నిన్న సాయంత్రం గంజి వారుస్తుంటే నా చేతి మీద ఒలికింది. పేస్టు కోసం వెతికాను, అదంతా మీ దగ్గరే ఉంది. కనీజ్ ఇంటికి పరుగెత్తబోతే షెకీనా నన్ను పట్టి ఆపి, గాజులు తీసి, చెయ్యి కుళాయి కింద పెట్టింది. "నాయినమ్మా, కదలకు. ఇంక జరసేపు ఉండాలె" అంది. ఏడ్చి ఉబ్బిన కళ్ళతోనే అలా పట్టుకుని నిలబడింది. ట్యాంకు ఖాళీ అయింది గానీ బొబ్బ లేవలేదు.

తర్వాత డ్రైవర్లు వస్తే ఒక్కరినీ తన్నలేదు. "టీచర్ వద్దన్నది. ఇంటికి పోయి పండుకోండ్రి. తగ్గకుంటె దవాఖానకు పోండ్రి" అంది. జహంగీర్ అలిగి వెళ్ళిపోయాడు. తప్పు నాదమ్మా, పిల్లది కాదు. దాని బ్యాడ్జీ దానికి ఇచ్చేయండి.

ఇట్లు,
యేసుమణి

తా.క. మీ నడుం సంగతి పిల్లకు చెప్పలేదు. చెబితే మెడ దాకా కట్టు కడుతుంది.

శనివారం

యేసుమణి గారికి,

నమస్కారం. నిన్న మీ ఉత్తరం చదివిన వెంటనే బ్యాడ్జీ నేనే పెట్టాను. ఇవాళ కందుకూరులో షెకీనాకు మొదటి బహుమతి వచ్చింది. కాలిన గాయానికి ఏం చేయాలని అడిగితే, కుళాయి ఎక్కడుందని న్యాయనిర్ణేతలనే ఎదురడిగింది. మీరు చూసి ఉండాల్సింది.

ఇట్లు,
సునీల

తా.క. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. పోటీ హడావిడిలో నాకు విశ్రాంతి ఎక్కడిది, వంగి చెప్పు కూడా తొడుక్కోలేకపోతున్నాను. తిరుగు ప్రయాణంలో ఎవరూ చూడకుండా షెకీనాను బూట్లు విప్పమని అడిగాను. "తప్పు టీచర్" అని నన్నే సీట్లో పడుకోబెట్టింది. మీరు చెబితే వింటుందేమో. ఒక్కసారి, మెల్లగా చాలు. పరగడుపునే వస్తాను.

ఆదివారం

టీచరమ్మకు,

వందనాలు. షాద్‌నగర్ ఫ్యాక్టరీలో పనిచేసే మా కోడలు ఇవాళ ఇంటికొచ్చింది. మీ ఉత్తరం చదివి కడుపు పట్టుకుని నవ్వింది. ఎదురుకాళ్ళతో పుట్టింది కాలేబట. షెకీనా తిన్నగా తల ముందే వచ్చిందట. కన్నతల్లి మాట కాదనలేను. మరి ఇన్నాళ్ళూ ఇంతమంది నడుములు ఎలా వదిలాయని అడిగితే, "అరుగు మీద పండుకున్నందుకు" అని షెకీనా అంటోంది. మీరూ వచ్చి పడుకోండి. చోటుంది.

ఇట్లు,
యేసుమణి

తా.క. విషయం ఎలా తెలిసిందో, మీ పీఈటీ సారు పొద్దున్నే పరగడుపున వచ్చి కాలేబు కోసం కూర్చున్నాడు. లాభం లేదు. వాడి రెండు కాళ్ళకూ షెకీనా కట్లు కట్టేసింది.