బోర్లించిన నీలం బకెట్

పాలు కాచి మూత పెట్టాను. మోకాలి మాత్ర ఏదైనా తిన్నాకే వేసుకో. నీలం బకెట్ అడుగు చీలింది, దాని మీద ఇక కాలు పెట్టకు.

పొద్దున బండి దగ్గరకి వెళ్తే అది నువ్వెక్కే వైపు తలుపు కింద బోర్లించి ఉంది. దాని మీద నీ చెప్పు ముద్ర. నేను లేనప్పుడు ఎక్కి చూస్తున్నావని అప్పుడు తెలిసింది.

పెద్ద టైర్లు వేయించి, ముందు చక్రాల స్ప్రింగుల పైన ఇనప దిమ్మలు పెట్టించి బండి ఎత్తు పెంచిన రోజే మెకానిక్ అడిగాడు, "పిన్ని ఎక్కగలదా బాబాయ్?" అని. "మీ పిన్ని కొండలెక్కుతుంది, నువ్వు బోల్టులు బిగించు" అన్నాను. తర్వాత మీ చెల్లెలింటికి పోదామని మూడుసార్లు పిలిస్తే ఇంట్లో పని ఉందన్నావు. నిజమే అనుకున్నాను. టేపు పెట్టి అన్నీ కొలిచాను గానీ నీ కాలు ఎంత ఎత్తు లేస్తుందో చూడలేదు.

పాత టైర్లు బండిలో వేసుకుని షెడ్డుకి పోతున్నాను. దిమ్మలు కూడా తీయించేస్తాను. నాలుగింటికి తయారై ఉండు, మీ చెల్లెలింటికి పోదాం.

ఎక్కలేనని ఒక్క మాట అనొచ్చుగా. అన్నా నేను వినేవాణ్ణి కాదులే.