అసిరయ్య చెయ్యి

3 ఫిబ్రవరి 1980, ఆదివారం

ముప్పై నాలుగేళ్లు నాకు. పదకొండేళ్లుగా టాటానగర్‌లో, టెల్కో ఫౌండ్రీలో క్రేన్ నడుపుతున్నాను. ఇవాళ సోనారి ఏరోడ్రోమ్‌లో, ఫ్లయింగ్ క్లబ్ విమానంలో పన్నెండో గంట పూర్తయింది.

ఎయిర్‌లైన్ పైలట్ అవుతానంటే మొదట నా భార్య సువర్ణ పడీపడీ నవ్వింది. తర్వాత నా నావిగేషన్ పుస్తకాలకు అట్టలు వేసిపెట్టింది. స్కూల్ టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది. చర్చి ఎగ్గొట్టానని కూడా కోప్పడలేదు. మీరు ఎగిరి వెళ్లేదీ పైనున్న ఆయన వైపే కదా అంది.

ఎగరడం హాయిగా ఉంది. దిగడమే రావడం లేదు.

17 ఫిబ్రవరి, ఆదివారం

మళ్లీ అదే తప్పు. రన్‌వే దగ్గర పడేసరికి నా కళ్లు చక్రాల కిందికి పోతాయి. నేల మీదికొచ్చేసినట్టు ఉంటుంది. కంగారుపడి ముందే స్టిక్ లాగేస్తాను. విమానం మనిషెత్తులో తేలిపోయి దబ్బున పడుతుంది. ఇవాళ నాలుగుసార్లు పడింది.

ఇన్‌స్ట్రక్టర్ ఘోష్ గారు అరవలేదు. అరిచినా బాగుండేది. రన్‌వే చివరికి చూడమని ఎన్నిసార్లు చెప్పాను, క్రేన్‌లో కూర్చుని కిందికి చూసే అలవాటు ఈ వయసులో పోదులే అన్నారు. నెలాఖరులోగా నన్ను ఒంటరిగా, సోలోకి పంపలేకపోతే లిస్టులోంచి పేరు తీసేస్తారట. వెనక ఇరవై ఏళ్లవాళ్లు ఆరుగురు కాచుకుని ఉన్నారట.

ఈ ఏడాది ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు. అదొక్కటే అదృష్టం.

18 ఫిబ్రవరి

పుస్తకాలు తెరవలేదు. ఎందుకని సువర్ణ అడగలేదు. చేపల పులుసు చేసింది.

20 ఫిబ్రవరి, బుధవారం. మధ్యాహ్నం రెండున్నర

షిఫ్ట్ దిగి క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇంటికెళ్లేదాకా ఆగలేకపోయాను.

అసిరయ్య నా సిగ్నల్‌మ్యాన్. పదకొండేళ్లుగా కింద నిలబడి, చేతి సైగలతో నాచేత లోడ్ దింపించేది అతనే. నాకన్నా రెండు పదులు పెద్ద. ఇవాళ టీ తాగుతూ నా ఏడుపంతా అతని ముందు వెళ్లబోసుకున్నాను. చివరిదాకా విన్నాడు. ఏటి రత్నం, లేడిల్ దించినప్పుడు నువ్వు లేడిల్‌కేసి ఎప్పుడైనా సూసినావా, దూరంగా నా సెయ్యికేసే గదా సూత్తావు అన్నాడు.

గ్లాసు కింద పెట్టేశాను. నిజమే. కరిగిన ఇనుము నిండా ఉన్న ఆ పెద్ద బాల్చీని, లేడిల్‌ని నేను ఏనాడూ చూడలేదు. షెడ్డు చివర అసిరయ్య కుడిచెయ్యి చాచి, అరచేయి నేలవైపు పెట్టి, మెల్లమెల్లగా దించుతుంటాడు. నేను ఆ అరచేయినే చూస్తాను. లేడిల్ చప్పుడు చెయ్యకుండా కూర్చుంటుంది.

కిందికి చూసే అలవాటు నాకసలు లేనే లేదు. భయపడి చూస్తున్నాను, అంతే.

24 ఫిబ్రవరి, ఆదివారం

అసిరయ్య టెల్కో నుంచి సోనారి దాకా సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. రన్‌వే చివర, ఫెన్సింగ్ అవతల నిలబడి చెయ్యి చాచాడు. ఆయనెవరని ఘోష్ గారు అడిగారు. నా సిగ్నల్‌మ్యాన్ అన్నాను. అంత దూరానికి మనిషే వేలెడంత ఉన్నాడు, ఇక చెయ్యేం కనిపిస్తుంది. అయినా అటే చూశాను.

మూడు ల్యాండింగులు. మూడోదానిలో టైర్లు ఎప్పుడు తగిలాయో నాకే తెలియలేదు. ఘోష్ గారు బెల్టు విప్పుకుని దిగిపోయారు. ఒక్కడివే వెళ్లమని తల ఊపారు.

వెళ్లాను. వచ్చాను.

ఫెన్సింగ్ దగ్గరికి పరుగెత్తి, ఏదో ఒకరోజు నిన్నూ ఎక్కిస్తానన్నాను. నువ్వు తోల్తేనే ఎక్కుతాను, ఇంకోడిది ఎక్కను అన్నాడు అసిరయ్య. అతని చెయ్యి ఇంకా చాచే ఉంది. నొప్పిగా లేదా అని కూడా అడగలేదు నేను. సంతోషంతో అన్నీ మర్చిపోయాను.

11 నవంబర్ 1982

కమర్షియల్ లైసెన్స్ వచ్చింది. దానికీ అట్ట వేస్తానంది సువర్ణ.

9 జూన్ 1984, శనివారం

కలకత్తాలో చిన్న ఎయిర్‌లైన్. కో-పైలట్. ముప్పై ఎనిమిదేళ్లకి నన్ను తీసుకున్నారు.

ఇవాళ క్రేన్‌లో ఆఖరి షిఫ్ట్. చివరి లోడ్ దింపించి, అసిరయ్య కింద నిలబడి రెండు చేతులూ జోడించాడు. సైగల్లో అది లేదు.

27 ఫిబ్రవరి 1986

అసిరయ్య రిటైరయ్యాడు. శ్రీకాకుళం పోతున్నాడు. టాటానగర్‌లో రైలెక్కితే తిన్నగా పోవచ్చు. కాదట. వెనక్కి కలకత్తా వచ్చి, నా విమానమే ఎక్కి, విశాఖపట్నంలో దిగి పోతాడట.

2 మార్చి 1986

విశాఖపట్నం. ల్యాండింగ్‌ని కెప్టెన్ నాకే వదిలారు. నాలుగో వరుసలో ఒక ముసలాయన కుడిచెయ్యి చాచి, అరచేయి కిందికి పెట్టుకుని కూర్చున్నాడట. ఏం కావాలని ఎయిర్ హోస్టెస్ రెండుసార్లు అడిగిందట. టైర్లు తగిలాకే చెయ్యి దించాడట.