చెల్లి ఫోనులో పలికిన బోటు

బావా,

పొద్దుట్నుంచి గాలి తేడాగా ఉంది. నీ కొడుకు సత్తిబాబు సముద్రం మీద వేటకెళ్ళి ఇంకా రాలేదు. నేను ఇంటికీ రేవుకీ తిరుగుతుంటే మా చెల్లి, అదే నీ పెళ్ళాం, "కాలు కాలిన పిల్లిలా ఏంటన్నయ్యా, కూర్చో" అంది. తనేదో కుదురుగా ఉన్నట్టు. పొయ్యి మీద అన్నం మాడిపోతంది.

నా మనవరాలు దుర్గ బోట్ల కబురు చెప్పే యాప్ చేసింది. కబురు ఒక్కసారి రాస్తే చాలంట, ఎవరి ఫోనుకి, కంటికి, చెవికి తగ్గట్టు వాళ్ళకి అదే మారి వెళ్తాదంట. "నీ మొహానికి తగ్గట్టు జడేసుకోడం రాదు గానీ" అని ఏడిపించాను.

మధ్యాహ్నం నా ఫోనులో గుమ్మడికాయలంత అక్షరాలొచ్చాయి. చెవులూ చదువూ లేని పక్కింటి రాముడికి ఒడ్డున బోటు బొమ్మ వచ్చింది. చెల్లి బటన్ల ఫోను మోగి, "సత్తిబాబు బోటు ఒడ్డుకి చేరింది" అని చెప్పింది.

"ఇంకోసారి చెప్పమనవే" అంది చెల్లి దుర్గతో.

నువ్వు వేటకెళ్ళిన ఆఖరి రోజున తుఫాను కబురు నీ ఫోనుకి ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చింది. అది చదవడం రాక వెళ్ళావు, మళ్ళీ ఒడ్డుకి రాలేదు.

"ఇంకా ఎవరికన్నా కబురు అందట్లేదా తాతా?" అనడిగింది దుర్గ.

"ఒకడున్నాడు. వాడికి నేను కాగితం మీద రాసుకుంటాలే" అన్నాను.